మబ్బు మీది కన్ను, నేల మీది సాక్ష్యం

గోదావరి ఒడ్డున వాన చరిత్ర – 9వ భాగం

గత భాగం 1986 ఆగస్టు వరద దగ్గర ఆగింది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు ఎక్కింది. ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. దాని దరిదాపుల్లోకి నది మళ్లీ వచ్చింది 36 ఏళ్లకు, 2022 జులైలో. పునర్వసు కార్తె నడుస్తోంది. మన పల్లెల్లో చిన్న పుసాల అంటారే, ఆ రోజులు. 13న కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి పడింది. గేట్లు ఎత్తినా చాలక నీళ్లు కట్ట మీదికి వచ్చేదాకా పోయింది. 14న మంథని ఊళ్లోకి నీళ్లొచ్చాయి. గోదావరిలో కలవాల్సిన బొక్కలవాగుకు నది దారి ఇవ్వలేదు. వాగు వెనక్కి తన్ని వీధుల్లో పడింది. కన్నెపల్లి, అన్నారం పంప్‌హౌసులు మునిగాయి. 16న భద్రాచలంలో నీటిమట్టం 71.3 అడుగులు.

ఈ రెండు వరదల నడుమ నది మీద ఎల్లంపల్లి, సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ బ్యారేజీలు వచ్చాయి. ఆ కథ అందరికీ తెలిసిందే. అదే కాలంలో ఆకాశంలో వచ్చిన మార్పు సంగతి మాత్రం చాలామందికి తెలియదు. 1986లో మన వాతావరణ శాఖ చేతిలో ఇన్శాట్–1బి పంపే మబ్బుల బొమ్మలున్నాయి. మబ్బు ఎక్కడుందో తెలిసేది. ఆ మబ్బు కింద, మబ్బు లేని చోట, సముద్రం మీద, ఏ ఎత్తున గాలి ఎంత వేడిగా ఉంది, ఎంత తేమ మోస్తోంది అన్నది అంతంత మాత్రంగానే తెలిసేది. 2022 నాటికి ఆ లెక్క పూటపూటకీ అందుతోంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలు గాలిని ముట్టుకోకుండానే దాని ఉష్ణోగ్రతను, తేమను పొరలు పొరలుగా ఎలా కొలవగలిగాయో, ఆ కొలతను జనం నమ్మడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో ఈ భాగంలో చూద్దాం.

ఆఢకాలు, బెలూన్లు

మంథనికి పాతపేరు మంత్రకూటం. వేదపండితుల ఊరు. ఇక్కడ ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఆ ఏటి వాన లెక్క చదువుతారు. ఇన్ని ఆఢకాల (పాతకాలపు కొలత) వర్షం, అందులో ఇన్ని పాళ్లు సముద్రం మీద, ఇన్ని కొండల మీద, మిగిలింది నేల మీద అని. ఆ అంకెలు ఎంతవరకు నిజమవుతాయన్నది పక్కన పెడితే, వాన లెక్కను సముద్రంతో మొదలుపెట్టాలన్న వరస మాత్రం సరైనదే. మంథనిలో కురిసే వాన మంథనిలో పుట్టదు. అరేబియా సముద్రం నుంచి, బంగాళాఖాతం నుంచి తేమ వందల కిలోమీటర్లు నడిచి వస్తుంది. ఒడిశా తీరాన అల్పపీడనం పుడితే అది దారి చూపుతుంది. కాబట్టి నాలుగు రోజుల తర్వాత మన దగ్గర ఏమవుతుందో తెలియాలంటే, ఇవాళ సముద్రం మీద గాలి సంగతి తెలియాలి.

ఆ సంగతి తెలుసుకోవడానికి చాలాకాలం పాటు బెలూనే దిక్కు. మన దేశంలో పైగాలి పరిశీలనకు 1914లో ఆగ్రాలో కేంద్రం వెలిసింది. హైడ్రోజన్ నింపిన బెలూన్లకు చిన్న పరికరాలు కట్టి వదిలేవారు. అలాంటి బెలూన్ల కొలతలన్నీ దగ్గర పెట్టుకుని కె.ఆర్. రామనాథన్ 1929లో ఒక వింత నిజం బయటపెట్టారు. భూమధ్యరేఖ దగ్గర నేల మండిపోతుంది గానీ, దాని నెత్తిన 17 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న గాలి ధ్రువాల మీద అదే ఎత్తున ఉన్న గాలికన్నా చల్లన. పైగాలిని కింది నుంచి ఊహించి లాభం లేదని, కొలిచి తీరాలని ఆ ఒక్క ఫలితంతో తేలిపోయింది.

తర్వాత రేడియోసాండ్ వచ్చింది. బెలూనుకు వేలాడే ఈ చిన్న పెట్టె పైకి పోతూ పోతూ ఉష్ణోగ్రత, తేమ, పీడనం రేడియోలో చెబుతూ పోతుంది. ప్రపంచమంతా ఒకే వేళకు, మన గడియారంలో పొద్దున, సాయంత్రం 5:30 లెక్కకు, వీటిని వదులుతారు. 30 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్లి బెలూన్ పగిలిపోతుంది.

ఇప్పుడు మంథనిని మ్యాపులో పెట్టి చూడండి. దగ్గరలోని రేడియోసాండ్ కేంద్రాలు మూడు: హైదరాబాద్, నాగపూర్, జగదల్‌పూర్. గీత గీసి కొలిస్తే హైదరాబాద్ సుమారు 180 కిలోమీటర్లు, జగదల్‌పూర్ 250, నాగపూర్ 280. ఈ త్రికోణం లోపల పడిన గోదావరి, ప్రాణహిత, కడెం, పెద్దవాగు పరీవాహకం నెత్తిన గాలిని బెలూన్ ఒక్కసారి కూడా సూటిగా కొలవదు. నేల మీదే ఇంత ఎడం ఉంటే సముద్రం సంగతి చెప్పేదేముంది. పోర్ట్‌బ్లెయిర్, మినికాయ్ లాంటి దీవులు తీసేస్తే బంగాళాఖాతం, అరేబియా సముద్రం మీద బెలూన్ వదిలేవాడే లేడు. వాన ఎక్కడ పుడుతుందో సరిగ్గా అక్కడే మనకు చూపు లేదు.

గాలి తన వేడిని తానే చెబుతుంది

వేడి ఉన్న ప్రతి వస్తువూ కంటికి కనిపించని కిరణాలు వెదజల్లుతుంది. నేల వెదజల్లుతుంది, మబ్బు వెదజల్లుతుంది, గాలి కూడా. వేడి ఎంతుంటే కిరణాలు అంత. ఉపగ్రహంలో వాటిని పట్టే పరికరం పెడితే కిందున్న దాని వేడి చెప్పొచ్చు. కానీ పైనుంచి చూస్తే గాలి పొరలన్నీ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అందులో ఏ కిరణం ఏ పొర నుంచి వచ్చిందో తేల్చుకునేది ఎలా?

గోదావరి ఒడ్డున నిలబడి నీళ్లలోకి చూసేవాళ్లకు ఈ చిక్కుముడి విప్పడం కష్టం కాదు. ఆగస్టులో ఎర్రనీళ్లు వచ్చినప్పుడు మన చూపు పైపొర దాటదు. ఎండాకాలంలో తేటనీళ్లలో అడుగున ఇసుక కనిపిస్తుంది. రెంటికీ మధ్య రోజుల్లో జానెడో మూరెడో లోతు దాకా చూపు ఆనుతుంది. గాలి కూడా ఇంతే. కాకపోతే గాలి ఒకేసారి కొన్ని తరంగదైర్ఘ్యాలకు బురదగా, కొన్నింటికి తేటగా ఉంటుంది. 15 మైక్రాన్ల దగ్గర బొగ్గుపులుసు వాయువు పరారుణ కిరణాలను గట్టిగా మింగేస్తుంది. సరిగ్గా ఆ చోట చూస్తే పైపొర మాత్రమే కనబడుతుంది. కొంచెం పక్కకు జరిగితే ఇంకాస్త కిందికి. ఇంకా జరిగితే నేల దాకా. ఇలా పక్కపక్కనే ఉన్న ఏడెనిమిది తరంగదైర్ఘ్యాల్లో ఒకేసారి చూస్తే ఏడెనిమిది లోతుల వేడి అందుతుంది.

దీనికి బొగ్గుపులుసు వాయువునే ఎంచుకోవడంలో కిటుకుంది. అది గాలిలో అన్నిచోట్లా ఇంచుమించు ఒకే పాళ్లలో కలిసి ఉంటుంది. దాని మోతాదు తెలుసు కాబట్టి, అందే కిరణాల్లో తేడా ఉంటే అది వేడిలో తేడానే. మైక్రోవేవ్‌లో ఇదే పని ప్రాణవాయువు చేస్తుంది, 50 నుంచి 60 గిగాహెర్ట్జ్ మధ్య. నీటి ఆవిరి అలా కాదు. ఇవాళ ఉంటుంది, రేపు ఉండదు. అందుకే ముందు వేడి లెక్క తేల్చుకుని, తర్వాత నీటి ఆవిరి మింగే తరంగాల్లో చూసి తేమ లెక్క కట్టాలి. 

ఉపగ్రహంతో గాలి వేడి కొలవొచ్చన్న ఆలోచనను 1956లో జీన్ కింగ్ కాగితం మీద పెట్టాడు. అప్పటికి ఆకాశంలో ఒక్క ఉపగ్రహం కూడా లేదు. ఒకే చోటును వేర్వేరు కోణాల నుంచి చూస్తే చాలన్నాడాయన. 1959లో లూయిస్ కాప్లన్ దాన్ని దిద్ది, కోణాలు మార్చే బదులు తరంగదైర్ఘ్యాలు మార్చమన్నాడు. ఇవాళ తిరుగుతున్న ఇలాంటి పరికరాలు నడిచేది కాప్లన్ దారిలోనే.

1969: తప్పుగా బిగించిన గైరో తర్వాత

కాగితం మీది లెక్క ఆకాశానికెక్కడానికి పదేళ్లు పట్టింది. అమెరికా నింబస్–బి అనే ఉపగ్రహంలో ఈ కొత్త పరికరాలు అమర్చి 1968 మే 18న కాలిఫోర్నియా నుంచి ప్రయోగించింది. రాకెట్‌లో దిశ చూసే గైరో ఒకటి 90 డిగ్రీలు తేడాగా బిగించారు. రాకెట్ దారి తప్పింది, భద్రతాధికారులు గాలిలోనే పేల్చేశారు. విద్యుత్తు కోసం అందులో పెట్టిన అణుఇంధనం పెట్టెలను సముద్రం అడుగు నుంచి వెతికి తీశారు. ఆ ఇంధనాన్నే మళ్లీ వాడుకున్నారు.

తర్వాతి ఏడాది ఏప్రిల్ 14న నింబస్–3 సరిగ్గా కక్ష్యకెక్కింది. ఆ రోజుల్లో ఇక్కడ ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మంచి ఊపులో ఉంది. మంథని ఎమ్మెల్యేగా పీవీ నరసింహారావు ఉన్నారు. ఆకాశంలో ఒక కొత్త అధ్యాయం మొదలైందని ఇక్కడ ఎవరికీ పట్టే సమయం కాదది. నింబస్–3లో రెండు పరికరాలు గాలిని తొలిసారి నిలువునా కొలిచాయి. ఒకటి సర్స్. డేవిడ్ వార్క్ బృందం చేసింది. ఎనిమిది చానళ్లు మాత్రమే, అందులో ఏడు బొగ్గుపులుసు వాయువు మీద. ఒక్కో చూపు 200 కిలోమీటర్లకు పైగా వెడల్పు. అంత మోటు చూపైనా, బెలూన్ కొలతతో పక్కపక్కన పెట్టి చూస్తే రెండు గీతలూ దగ్గర దగ్గరగా నడిచాయి. కొద్ది వారాల్లోనే ఆ కొలతలను రోజువారీ వాతావరణ విశ్లేషణలో కలపడం మొదలుపెట్టారు.

రెండోది ఐరిస్. రుడాల్ఫ్ హానెల్ తీర్చిదిద్దిన ఇంటర్‌ఫెరామీటర్. ఇది ఎనిమిది చానళ్లకు పరిమితం కాకుండా పరారుణ వర్ణపటాన్ని వరుసగా చదివేస్తుంది. 1970లో ఈ పరికరం ఫలితాలు వెల్లడించిన వ్యాసం మీద నాలుగు పేర్లున్నాయి: కాన్రాత్, హానెల్, కుండే, ప్రభాకర. ఆ నాలుగో ఆయన నాసా గొడార్డ్ కేంద్రంలో పనిచేసిన కడప ప్రభాకర. మన కడప పేరును తన పేరులో మోసుకెళ్లిన శాస్త్రవేత్త. 9.6 మైక్రాన్ల దగ్గర చూసి ఓజోన్ కొలవడం, 11 నుంచి 13 మైక్రాన్ల మధ్య చూసి సముద్రం వేడి లెక్కగట్టడం, ఆ తర్వాత నింబస్–7 మైక్రోవేవ్ కొలతలతో సముద్రాల నెత్తిన నీటి ఆవిరి పటాలు గీయడం: ఈ విద్య ఎదిగిన ప్రతి మెట్టు మీదా ఆయన పేరు కనిపిస్తుంది. తెలుగు పత్రికల్లో మాత్రం ఆయన గురించి రావాల్సినంత రాలేదు.

మబ్బు ఉంటే పరారుణ చూపు అక్కడితో ఆగిపోతుంది. మన వానాకాలానికి ఇదే పెద్ద అడ్డంకి. తెలుసుకోవాల్సిన రోజునే ఆకాశం మూసుకుపోయి ఉంటుంది. దీనికి మైక్రోవేవ్ ఒకటే మందు. జోరువాన లేని మామూలు మబ్బును అది దాటిపోతుంది. 1972 డిసెంబర్‌లో నింబస్–5 ఆ పరికరాన్ని తొలిసారి మోసుకెళ్లింది.

భాస్కర వచ్చిన వేసవి

ప్రయోగాలు ముగిసి రోజువారీ సేవ మొదలైంది టైరోస్–ఎన్‌తో. 1978 అక్టోబర్ 13న ఎగిరిన ఈ ఉపగ్రహంలో మూడు పరికరాలు, మొత్తం 27 చానళ్లు. అంతకు ఏడాది ముందే దివిసీమ ఉప్పెన మన గుండెల మీద గాయం చేసి వెళ్లింది. తుపాను కన్ను మీద గాలి చుట్టుపక్కల గాలికన్నా వేడిగా ఉంటుంది. ఆ వేడిని మబ్బుల మీది నుంచి పట్టుకునే మైక్రోవేవ్ కొలత రోజువారీ సేవలోకి రావడం దివిసీమకు ఏడాది ఆలస్యమైంది.

1979లో ప్రపంచ దేశాలన్నీ కలిసి వాతావరణాన్ని ఏడాది పొడవునా కొలిచే మహాయజ్ఞం చేశాయి. అందులో మన రుతుపవనాల కోసం ప్రత్యేకంగా మోనెక్స్ నడిచింది. ఓడలు, విమానాలు, బెలూన్లు, టైరోస్–ఎన్ కలిసి అరేబియా సముద్రాన్ని, బంగాళాఖాతాన్ని అంతకుముందెన్నడూ లేనంత దగ్గరగా చూశాయి. సరిగ్గా అదే వేసవిలో, జూన్ 7న, భాస్కర–1ను సోవియట్ రాకెట్ కక్ష్యలో పెట్టింది. అందులో సమీర్ అనే మైక్రోవేవ్ పరికరం 19, 22 గిగాహెర్ట్జ్‌లలో చూసి సముద్రం మీది నీటి ఆవిరిని అంచనా వేసింది. ఇది ధ్రువకక్ష్య కాదు, పరికరం కూడా చిన్నది. అయినా మన సముద్రం మీది తేమను మనం చేసిన పరికరంతో పైనుంచి కొలవడం అదే మొదలు. 1981 నవంబర్ 20న ఎగిరిన భాస్కర–2లో 31 గిగాహెర్ట్జ్ కూడా చేరింది. అదే 1979లో షాద్‌నగర్ దగ్గర జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ యాంటెన్నాలు ల్యాండ్‌శాట్ సంకేతాలు పట్టడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత ధ్రువకక్ష్యలో తిరిగే వాతావరణ ఉపగ్రహాల డేటాకు కూడా షాద్‌నగర్ చిరునామా అయింది.

పదిహేనేళ్ల నిరాశ

అన్నీ కుదిరాయి కదా, ఇక అంచనాలు మెరుగవ్వాలి. అలా జరగలేదు. దక్షిణార్ధగోళంలో, బెలూన్లు తక్కువ ఉన్న సముద్రాల మీద, టైరోస్ కొలతలు బాగా పనికొచ్చాయి. బెలూన్లు దట్టంగా ఉన్న ఉత్తరార్ధగోళంలో మాత్రం వాటిని కలిపితే కొన్నిసార్లు అంచనా పాడైంది కూడా. కోట్లు పోసి ఎగరేసిన పరికరాలు, బెలూన్ దగ్గర తేలిపోయాయి.

లోపం పరికరంలో లేదు, దానితో చేయించిన పనిలో ఉంది. ఒక్కో చానల్ ఏదో ఒక సన్నని పొరను చూడదు. కొన్ని కిలోమీటర్ల మందాన్ని కలిపి చూస్తుంది. పక్క చానల్ చూసే మందం దీని మీదికి సగం ఎక్కి ఉంటుంది. అలాంటి ఇరవై అంకెల నుంచి నలభై పొరల ఉష్ణోగ్రతలు రాబట్టమంటే జవాబు ఒకటి ఉండదు, వేలల్లో ఉంటాయి. అందులో ఒకటి ఎంచుకోవడానికి శాస్త్రవేత్తలు పాత సగటుల నుంచో, ముందు అనుకున్న లెక్కల నుంచో ఒక ఊహ తెచ్చి జోడించేవారు. ఆ ఊహ తప్పయితే ఆ తప్పు కొలత వేషం వేసుకుని అంచనాలోకి దూరేది.

1990లలో లెక్కనే తిరగేశారు. ఐరోపాలో జాన్ ఐర్, అమెరికాలో జాన్ డెర్బర్ లాంటివాళ్లు ముందుండి నడిపిన మార్పు ఇది. ఉపగ్రహ కిరణాల నుంచి ఉష్ణోగ్రత పిండే పని మానేశారు. దాని బదులు కంప్యూటర్ నమూనానే అడిగారు: ప్రస్తుతం నీ లెక్కలో గాలి ఇలా ఉంది కదా, ఇది నిజమైతే ఉపగ్రహానికి ఏ అంకె కనబడాలి? ఆ అంకెను, ఉపగ్రహం నిజంగా చూసిన అంకెను పక్కన పెడతారు. తేడా వస్తే నమూనాలోని గాలిని ఆ మేరకు సరిదిద్దుతారు. ఉపగ్రహం చూసింది చూసినట్టే ఉంటుంది, దాని మీద ఊహల పూత ఉండదు. పైగా ఆరేడు రకాల ఉపగ్రహాలను, ఓడలను, బెలూన్లను ఒకే తూకంలో వేసి చూడొచ్చు. 1997లో ఐరోపా వాతావరణ అంచనా కేంద్రం కాలాన్ని కూడా కలిపి లెక్కించే పద్ధతి మొదలుపెట్టింది. 2000ల ఆరంభానికల్లా దక్షిణార్ధగోళంలో అంచనాల నాణ్యత ఉత్తరార్ధగోళానికి దగ్గరగా వచ్చింది. ఈ విజయంలో సింహభాగం ధ్రువకక్ష్య ఉపగ్రహాలదే.

మన దేశంలో ఈ పనికోసం 1988లో జాతీయ మధ్యకాలిక వాతావరణ అంచనా కేంద్రం పెట్టారు. అమెరికా నుంచి క్రే ఎక్స్ఎంపీ–14 కంప్యూటర్ కొన్నారు. అడిగింది అంతకన్నా పెద్దది, వాళ్లిచ్చింది ఇది. ఆ కేంద్రం ఇప్పుడు నోయిడాలో ఉంది. ఉపగ్రహాలు చూసిన కిరణాలను నేరుగా నమూనాలో కలుపుతోంది.

మంథని మీదుగా అర నిమిషం

1998 మే 13న ఎగిరిన నోవా–15తో అమ్సు అనే కొత్తతరం మైక్రోవేవ్ పరికరం వచ్చింది. వేడికి 15 చానళ్లు, తేమకు మరో ఐదు. అది ఎలా పనిచేస్తుందో మన ఊరి మీద పెట్టి చూద్దాం.

ఉపగ్రహం సుమారు 800 కిలోమీటర్ల ఎత్తున ధ్రువం నుంచి ధ్రువానికి తిరుగుతుంది. ఒక్క చుట్టుకు గంటా నలభై నిమిషాలు. రోజుకు 14 చుట్లు. తను తిరుగుతుండగా కింద భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి రోజుకు రెండుసార్లు మన వైపు వస్తుంది, పగలొకసారి, రాత్రొకసారి. ఈ తరం అమెరికా ఉపగ్రహాలు సూయోమి ఎన్‌పీపీ, నోవా–20 మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, ఐరోపావారి మెటాప్‌లు పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో. కింద నేల మీద దాని నీడ పరుగు సెకనుకు ఆరున్నర కిలోమీటర్లు. మంథని నుంచి హైదరాబాద్‌కు అర నిమిషం కూడా పట్టదు. కన్యాకుమారి దాటడానికి మూడు నిమిషాలు.

ఆ పరుగులో అమ్సు అద్దం ఎనిమిది సెకన్లకోసారి ఈ పక్క నుంచి ఆ పక్కకు తిరుగుతుంది. దారిలో 30 చోట్ల ఆగి చూస్తుంది. సరిగ్గా కిందికి చూసినప్పుడు ఒక్కో చూపు 48 కిలోమీటర్ల వెడల్పు. మంథని మీద పడిన ఒక్క చూపులో రామగుండం, చెన్నూరు, కాటారం కూడా ఇంచుమించు ఇమిడిపోతాయి. ప్రతి విడతకూ అది మరో రెండు చోట్ల కూడా చూస్తుంది. ఒకటి, నల్లని చల్లని అంతరిక్షం. అక్కడ ఉష్ణోగ్రత పరమశూన్యానికి మూడు డిగ్రీల లోపే పైన. రెండోది, తనలోనే ఉన్న ఒక వేడి పలక. దాని వేడిని మామూలు థర్మామీటర్లు చెబుతుంటాయి. తెలిసిన చల్లదనం ఒకటి, తెలిసిన వేడి ఒకటి. ఆ రెంటి మధ్య భూమి నుంచి వచ్చిన అంకెను పెట్టి విలువ కడుతుంది. ఎనిమిది సెకన్లకోసారి తన త్రాసును తానే సరిచూసుకుంటుందన్నమాట.

తేమ కొలత ఇంకా తమాషాగా ఉంటుంది. 183.31 గిగాహెర్ట్జ్ దగ్గర నీటి ఆవిరి కిరణాలను గట్టిగా మింగుతుంది. గాలి పొడిగా ఉన్న రోజున అక్కడ చూస్తే కింది పొరల దాకా చూపు దిగుతుంది. కిందిది వేడి గాలి కాబట్టి అంకె పెద్దదిగా వస్తుంది. తేమ నిండిన రోజున చూపు పైపైనే ఆగిపోతుంది. పైది చల్లగాలి, అంకె చిన్నదవుతుంది. అంటే తేమ పెరిగేకొద్దీ రీడింగ్ చల్లబడుతుంది. దట్టమైన వానమబ్బుల్లో మంచు కణాలు ఈ కిరణాలను చెదరగొట్టి అంకెను ఇంకా కిందికి లాగుతాయి.

ఈ చానల్‌తో మన నెత్తిన ఎక్కువసార్లు చూసిన ఉపగ్రహం మాత్రం ధ్రువకక్ష్యది కాదు. 2011 అక్టోబర్ 12న శ్రీహరికోట నుంచి ఇస్రో ఎగరేసిన మేఘా–ట్రోపిక్స్. భారత్, ఫ్రాన్స్ కలిసి చేసినది. అందులో ఫ్రాన్స్ చేసిన సఫీర్‌కు 183 గిగాహెర్ట్జ్ చుట్టూ ఆరు చానళ్లు. దాని కక్ష్య భూమధ్యరేఖకు 20 డిగ్రీల వంపు. అంటే ఉత్తరాన 20 డిగ్రీల దాకా వచ్చి వెనక్కి మళ్లుతుంది. మంథని అక్షాంశం 18.6 డిగ్రీలు. సరిగ్గా మలుపు దగ్గర. ధ్రువకక్ష్య ఉపగ్రహం రోజుకు రెండుసార్లు చూస్తే, ఇది ఈ అక్షాంశాలను అంతకు రెట్టింపు సార్లకు పైగా చూసేది. 2023 మార్చి 7న దాన్ని పసిఫిక్ మీదుగా కిందికి దించి కాల్చేశారు. 

ఈ డేటా ఎంత మంచిదైనా ఆలస్యమైతే వృథా. నమూనా గంట కొట్టి మొదలవుతుంది, అప్పటికి చేరినవే లెక్క. ఉపగ్రహాలు తాము చూసింది ఎప్పటికప్పుడు కిందికి వదులుతూనే ఉంటాయి, యాంటెన్నా ఉన్నవారెవరైనా పట్టుకోవచ్చు. వాతావరణ శాఖకు ఢిల్లీ, చెన్నై, గువాహటిలో, అంతరిక్ష శాఖకు షాద్‌నగర్‌లో, సముద్ర సమాచారానికి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో అలాంటి కేంద్రాలున్నాయి. 

సాక్షి లేని చోట

ఇంతదాకా చదివాక, ఇక ఆకాశం అరచేతిలో ఉన్నట్టే అనుకుంటే పొరపాటు. రెండు చిక్కులున్నాయి.

మొదటిది నేల. సముద్రం మైక్రోవేవ్‌లో చల్లగా, నిలకడగా కనిపిస్తుంది. దాని మీది తేమ స్పష్టంగా తెలుస్తుంది. నేల అలా కాదు. తడిపొలం ఒక రకంగా, బొగ్గుగని మట్టిదిబ్బ ఒక రకంగా, అడవి ఇంకో రకంగా కిరణాలు వదులుతాయి. వాన పడితే గంటలో అదీ మారిపోతుంది. అందుకే నేలకు దగ్గరగా, మొదటి కిలోమీటరులో ఉన్న తేమను మన ప్రాంతం మీద పైనుంచి కొలవడం కష్టం. వాన కురిపించేది ఎక్కువగా ఆ కింది తేమే. 

రెండోది కాలం. ఉపగ్రహం ఏళ్లు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా కిందికి జారుతుంది, మనూరి మీదికి వచ్చే వేళ మారుతుంది. 1990లో అలబామాకు చెందిన రాయ్ స్పెన్సర్, జాన్ క్రిస్టీ టైరోస్ కాలం నుంచి ఉన్న మైక్రోవేవ్ కొలతలు కూర్చి, గాలి పెద్దగా వేడెక్కడం లేదన్నారు. భూతాపం మీద అదొక పెద్ద వాదమైంది. 1998లో వెంట్జ్, షాబెల్ కక్ష్య జారుడును లెక్కలోకి తెచ్చారు. అదే ఏడాది కడప ప్రభాకర బృందం తమ పద్ధతిలో ఆ కొలతలనే చదివి, గాలి వేడెక్కుతోందని తేల్చింది. 2005లో మియర్స్, వెంట్జ్ వేళ మారడంతో వచ్చిన తప్పును పట్టుకున్నారు. అన్నీ దిద్దాక ఉపగ్రహం కూడా నేల మీది థర్మామీటర్ల మాటే చెప్పింది. 

ఈ చరిత్ర మొత్తంలో ఒక వరస కనిపిస్తుంది. 1969లో సర్స్ గెలిచింది బెలూన్ గీతతో పోల్చినందుకు. 1980లలో ఊహను కొలతగా నమ్మినందుకు దెబ్బ తిన్నారు. ఇరవై నాలుగు గంటలూ తిరిగే పరికరం కూడా ప్రతి ఎనిమిది సెకన్లకు తెలిసిన వేడి పలకను చూసుకోవాల్సిందే. పైనుంచి చూసిన ప్రతి అంకెకూ కింద ఒక సాక్ష్యం ఉండాలి. 2025లో నోవా–15, 18, 19 మూడింటినీ విశ్రాంతికి పంపారు. నోవా–15 ఇరవై ఏడేళ్లు పనిచేసింది. ఉపగ్రహాలు వస్తాయి, పోతాయి. ఆగ్రాలో 1914లో మొదలైన బెలూన్ మాత్రం ఇంకా ఎగురుతూనే ఉంది, ఈ కారణానికే.

మళ్లీ 2022కి

2022 జులైలో ఉత్తర తెలంగాణకు అతిభారీ వర్షాలున్నాయని వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చింది. వాన వస్తుందన్నది దాగలేదు. 1986తో పోలిస్తే ఈ మెరుగుదల చిన్నదేమీ కాదు. సముద్రం మీది గాలిని చదివిన ఆ పరికరాల వల్లే ఇది సాధ్యమైంది. కానీ 48 కిలోమీటర్ల చూపు, అప్పటి 12 కిలోమీటర్ల గడుల నమూనా జిల్లాకు కబురు చెప్పగలిగాయి, వీధికి చెప్పలేకపోయాయి. బొక్కలవాగు ఏ గడపదాకా వెనక్కి తన్నుతుందో, నదిలో ఏ మట్టానికి మంథనిలో ఏ సందు మునుగుతుందో ఏ ఉపగ్రహమూ చూడదు. అది నేల మీది లెక్క. రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వాన కొలుస్తున్నాయి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో రాసిపెట్టే పని మాత్రం ఇప్పటికీ మన చేతుల్లోనే ఉంది.

కాబట్టి మంథని, మంచిర్యాల, చెన్నూరు, మహదేవపూర్ పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంటి గోడ మీద, గుడి మెట్ల మీద, బడి ప్రహరీ మీద 2022 వరద మట్టం మరక ఇంకా కనిపిస్తుంటే సున్నం వేసేముందు దాని మీద పెయింటుతో ఒక గీత గీయండి. పక్కన తేదీ రాయండి. ఇంట్లో 1986 చూసిన పెద్దలుంటే ఆ మట్టం కూడా చూపించమని, దానికీ ఒక గీత పెట్టండి. ఒక ఫొటో తీసి, ఎక్కడిదో రాసి మండల కార్యాలయంలో ఇవ్వండి. వచ్చే వరద అంచనాను సరిచూసుకోవడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఎవరి దగ్గరా ఉండదు.

(వచ్చే భాగం: కడెం గేట్ల కథ)